గాయం ఎక్కడిది? – నగరంలోని వన్యప్రాణుల రక్షణ గురించి విజయవాడలో చేసిన ప్రసంగం

సభకు నమస్కారం.

అపార్ట్‌మెంటు సంఘాల బాధ్యులు, కళాశాల విద్యార్థులు, ఇళ్ళలోకి వచ్చిన పాములను పట్టి వదిలే యువకులు ఒకే సభలో కూర్చోవడం అరుదు. నిజానికి మీ అందరి పనీ ఒకటే. సంఘాలవారి ఆవరణలో ఒక పక్షికి దెబ్బ తగులుతుంది, దారిన పోయే విద్యార్థి దాన్ని చూస్తాడు, తెలిసిన యువకుడు ఎవరో పట్టి తెస్తాడు. పశువైద్యుడినైన నేను అన్నింటికన్నా ఆఖరున, తరచుగా ఆలస్యంగా, దాన్ని చూస్తాను. ఇన్నేళ్ళ వృత్తిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. నగరంలో వన్యప్రాణులకు తగిలే గాయాల్లో ఎక్కువ భాగం మన ఇళ్ళలో, వీధుల్లో ఉన్న ఏదో ఒక వస్తువు చేసినవే. ఆ వస్తువు ఏదో కనిపెట్టి సరిచేయనంత కాలం, మేము ఎంత జాగ్రత్తగా కుట్లు వేసినా అదే వీధి నుంచి మరో ప్రాణి వస్తూనే ఉంటుంది.

విజయవాడలో వన్యప్రాణులేముంటాయని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఊరి నడుమ ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు, పక్కనే కృష్ణ, ఇళ్ళ మధ్యనుంచి పారే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, వాయవ్యంగా కొండపల్లి అడవి. గుంటూరు వైపు వెళితే ఊరి చెరువులోని చెట్ల మీదే వందలాది గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకునే ఉప్పలపాడు ఉంది. ఇన్ని నీళ్ళు, ఇన్ని రాళ్ళు, ఇంత చెత్త ఉన్నచోట గద్దలు, నీటికాకులు, గుడ్లగూబలు, ముంగిసలు, ఉడుములు, జెర్రిపోతులు లేకపోతేనే ఆశ్చర్యపడాలి. అవి దారి తప్పి మన మధ్యకు వచ్చినవి కావు. చాలా చోట్ల మన కాలనీలే వాటి మధ్యకు వెళ్ళాయి.

సంక్రాంతి దగ్గర పడింది కాబట్టి ముందుగా గాలిపటాల దారం సంగతి చెబుతాను. చైనా మాంజా అని మనం పిలిచేది నైలాను, పాలియెస్టరు వంటి కృత్రిమ దారం. దానికి గాజుపొడి, కొన్నింటికి లోహపు పొడి కూడా పూస్తారు. 2017 జులైలో జాతీయ హరిత ట్రైబ్యునల్ దీన్ని దేశమంతటా నిషేధించింది. నిషేధం వచ్చి ఇన్నేళ్ళయినా పండగ ముందు వారంలో ఏ సందులో అడిగితే దొరుకుతుందో పదేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. నూలు దారం ఎండకూ వానకూ చివికిపోతుంది, ఇది చివకదు. జనవరిలో తెగి వేపచెట్టు కొమ్మల్లో చిక్కుకున్న దారం మేలో కాకిపిల్ల కాలికి చుట్టుకుంటుంది. అందువల్ల ఇది మూడు రోజుల పండగ సమస్య అనుకోవడం పొరపాటు.

పక్షి ఎగురుతూ దారాన్ని తాకినప్పుడు ఎక్కువగా తెగేది, రెక్క ముందు అంచున భుజానికీ మణికట్టుకూ మధ్య సాగే పలుచని చర్మపు పొర. చూడటానికి చిన్న చీలికలాగే ఉంటుంది, రక్తం కూడా పెద్దగా కారదు. కానీ ఆ పొర అంచులో నారలా ఉన్న స్నాయువు తెగితే రెక్క పూర్తిగా విచ్చుకోదు, పక్షి ఇక ఎగరలేదు. పెనుగులాడే కొద్దీ దారం ఎముకదాకా దిగుతుంది. అందుచేత దారానికి వేలాడే పక్షి కనబడితే దారం పట్టి లాగకండి. ఒకరు పక్షి బరువును కింద నుంచి మోస్తుంటే మరొకరు దారాన్ని కత్తిరించాలి. ఒంటికి చుట్టుకున్న భాగాన్ని అలాగే వదిలేసి వైద్యుడి దగ్గరే తీయించాలి. ఎత్తయిన చెట్టు మీద ఉంటే 101కి ఫోను చేసి అగ్నిమాపక సిబ్బందిని అడగండి. కరెంటు తీగ మీద ఉంటే 1912కి చెప్పి సరఫరా ఆపించేదాకా ఎవరూ గెడకర్ర ఎత్తవద్దు. పక్షిని దించబోయి ప్రాణం పోగొట్టుకోవడం ఎవరికీ సమ్మతం కాదు.

గాలిపటాలు ఎగరేయవద్దని నేను అనడం లేదు. పిల్లల పండగను వాళ్ళ చేతుల్లోంచి లాక్కుంటే వాళ్ళు పక్షుల మీదే కోపం పెంచుకుంటారు. నూలు దారం వాడమనండి. కొంగలు, నీటికాకులు పొద్దున్నే మేతకు బయలుదేరి, సాయంత్రం గుంపులుగా చెట్ల మీది బసకు తిరిగివస్తాయి. ఆ రెండు వేళలూ గాలిపటాలు దించేస్తే చాలా గాయాలు తప్పుతాయి. కనుమ దాటిన తరువాత మేడల మీద, చెట్ల మీద మిగిలిన దారాన్ని ఏరించి, ముక్కలుగా కత్తిరించి పారేయించడం సంఘాలవారి పని.

ఇక దెబ్బ తగిలిన పక్షి చేతికి వచ్చిన తరువాతి మొదటి గంట గురించి. ఈ గంటలో జనం చేసే ఉపకారాల్లో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. మన ఆచారం ప్రకారం ఇంటికి వచ్చినవారికి మొదట మంచినీళ్ళు ఇస్తాం. పక్షికి కూడా నోరు తెరిచి నీళ్ళు పోస్తాం. పక్షి శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. మీరు పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవచ్చు. పాలు అసలే వద్దు. పాలను అరిగించుకునే ఏర్పాటు పక్షుల్లో లేదు. మరో సంగతి: పక్షులకు మనకున్నట్టు ఛాతీకీ పొట్టకూ మధ్య కండరపు తెర ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదలడం వల్లనే వాటికి ఊపిరి ఆడుతుంది. పారిపోతుందేమోనన్న భయంతో గట్టిగా గుప్పిట బిగించి తెచ్చిన పిట్ట, గాయం వల్ల కాకుండా ఆ గుప్పిట వల్లనే దారిలో చనిపోవడం నేను చూశాను.

చేయవలసింది చాలా కొద్ది. పక్షి తల మీద పలుచని తువ్వాలు కప్పండి. చీకటిగా ఉంటే దాని భయం తగ్గుతుంది. గాలి ఆడేందుకు రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో అడుగున గుడ్డ పరిచి ఉంచండి. తీగల పంజరం వద్దు, అందులో కొట్టుకుని ఉన్న ఈకలు కూడా విరగ్గొట్టుకుంటుంది. పెట్టెను నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టి, మాటిమాటికీ తెరిచి చూడకుండా, ఫొటోల కోసం బయటికి తీయకుండా, వీలైనంత త్వరగా వైద్యం అందే చోటికి చేర్చండి. డిసెంబరు రాత్రి అయితే గోరువెచ్చని నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టవచ్చు. మే నెల బెజవాడలో ఆ అవసరం ఎవరికీ రాదు. గద్దను పట్టేటప్పుడు ముక్కు కంటే కాలిగోళ్ళకు భయపడాలి. కొంగ, నీటికాకి మాత్రం ముక్కుతో సూటిగా కంటిని పొడుస్తాయి, వాటిని ముఖానికి దూరంగా పట్టుకోవాలి. పిల్లి నోట్లోంచి తప్పించిన పిట్ట ఒంటి మీద పెద్ద గాయం కనిపించకపోయినా వైద్యుడికి చూపించవలసిందే. పిల్లి కోరల్లోని సూక్ష్మక్రిములు ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలవు.

ఇంట్లో వారం రోజులు పెట్టుకుని, పసుపు రాసి, ఇక లాభం లేదనుకున్నాక తీసుకువచ్చేవారితో నాకు కొంచెం పేచీ ఉంది. పక్షి ఎముకలు మన ఎముకల కంటే చాలా త్వరగా అతుక్కుంటాయి, రెండు మూడు వారాల్లో పని పూర్తవుతుంది. వంకరగా అతుక్కుంటే ఆ వంకరే శాశ్వతం. వచ్చిన మొదటిరోజే కట్టు కట్టి ఉంటే ఎగిరే పక్షి, ఆ వారం ఆలస్యం వల్ల జీవితాంతం నడిచే పక్షి అవుతుంది. అలాగే గద్దపిల్లకు ఎముకలు లేని మెత్తటి మాంసం, చిలుకపిల్లకు పాలన్నం పెట్టి పెంచినప్పుడు కాల్షియం చాలక కాళ్ళు వంకరపోతాయి. ప్రేమతో పెంచామని చెబుతారు, అది నిజమే. కాళ్ళు వంకరపోయినదీ నిజమే.

అయితే నేల మీద కనిపించిన ప్రతి పిల్లా ఆపదలో ఉన్నట్టు కాదు. ఒంటినిండా ఈకలు వచ్చి, గెంతుతూ, పొట్టి తోకతో ఉన్న గోరింక పిల్ల ఎగరడం నేర్చుకుంటున్నది. తల్లి పక్కనే గోడ మీద ఉండి మేత తెచ్చి పెడుతూ ఉంటుంది. కుక్కలు, పిల్లులు తిరిగే చోటయితే దగ్గరలోని పొద మీదో గోడ మీదో పెట్టి మీరు దూరంగా జరగండి. మనిషి ముట్టుకుంటే తల్లి పిల్లను వదిలేస్తుందని పెద్దలు చెబుతూ వచ్చారు. పక్షుల విషయంలో ఆ మాటకు ఆధారం లేదు. ఈకలు రాని పిల్ల అయితే దాని గూటిలోనే పెట్టవచ్చు, గూడు పడిపోతే చిన్న బుట్టను అదే కొమ్మకు కట్టి అందులో పెట్టవచ్చు. ఉడుత పిల్లలు కింద పడినప్పుడు కూడా తల్లికి కొన్ని గంటల వ్యవధి ఇవ్వండి, చాలాసార్లు అదే వచ్చి నోట కరుచుకుని తీసుకుపోతుంది. ఎండాకాలంలో తరచుగా వచ్చే ఫోను ఇంకొకటుంది: చుక్కల పిట్ట నొకదాన్ని కాకులు పొడిచి చంపుతున్నాయని. అది చాలావరకు కోయిల పిల్ల. కోయిల కాకి గూటిలో గుడ్డు పెడుతుందని మనందరికీ చిన్నప్పుడే తెలుసు. గుట్టు బయటపడ్డాక కాకులు దాన్ని తరుముతాయి. ఒంటి మీద గాయం లేకపోతే గుబురుగా ఉన్న చెట్టులోకి చేర్చి వదిలేయడమే సరైన పని.

పాముల గురించి కొంత వివరంగా మాట్లాడాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు మునిగినప్పుడు, అదే వరదలో ప్రకాశం బ్యారేజి మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్ళినప్పుడు, మనుషులు మేడలెక్కారు. పుట్టల్లో, గట్ల కింద ఉన్న పాములు కూడా ఎత్తయిన చోటే వెతుక్కున్నాయి. నీళ్ళు తీసిన తరువాత బీరువా వెనుక, తడిసిన పరుపుల కింద దాక్కున్న పాము మనల్ని వెతుక్కుంటూ వచ్చినది కాదు, దానికి ఆరిన చోటు మరొకటి దొరకలేదు.

మన ప్రాంతంలో ప్రాణం తీయగల పాముల్లో నాలుగింటిని తప్పకుండా గుర్తుంచుకోవాలి: త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే జెర్రిపోతుకూ నీరుకట్టెకూ మనిషికి హాని చేసే విషం లేదు. కాలువల పక్కన ఉండేవారు రోజూ చూసే నీరుకట్టెను త్రాచు పిల్ల అని కొట్టి చంపుతుంటారు. రక్తపింజరి కుక్కరు ఈల వేసినట్టు బుసకొట్టి ముందే హెచ్చరిస్తుంది. కట్లపాము అలా చేయదు. రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే మనిషీ బతుకుతాడు, పామూ బతుకుతుంది. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు కట్టడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం అన్నీ కాలహరణమే. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే వైద్యం. పామును చంపి సంచిలో తీసుకురావలసిన పనిలేదు. ఆ నాలుగు పాముల విషానికీ పనిచేసే ఒకే మందు మన ఆసుపత్రుల్లో వాడతారు.

ఇంట్లో పాము కనిపిస్తే పిల్లలను, కుక్కను బయటికి పంపి, ఆ గది తలుపు మూసి, తలుపు కింద సందులో గుడ్డ కుక్కి, వీలైతే కిటికీలోంచి ఒకరు చూస్తూ ఉండండి. ఫినాయిలు, కిరోసిను, యాసిడ్ పోయకండి. పాము చర్మం కాలిపోతుంది తప్ప అది బయటికి పోదు. పెరటి కూరమొక్కల చుట్టూ, కోళ్ళ గూళ్ళ చుట్టూ పాత చేపల వల కట్టే అలవాటు మనకు ఉంది. పాము శరీరం ఆ కళ్ళలో సగం దూరి, పొలుసులు వెనక్కి జారనివ్వక, వల లోపలికి కోసుకుపోతుంది. ఆ స్థితిలో వచ్చిన త్రాచులను, జెర్రిపోతులను మాలో చాలామంది చూసే ఉంటారు. వల బదులు సన్నని కళ్ళ ఇనుప జాలీ వాడండి, లేదా వలను నేలకు జానెడు ఎత్తులో కట్టండి.

పాములు పట్టే యువకులకు ఒక మాట, కాస్త కఠినంగానే. తోక పట్టి గాలిలో ఊపుతూ, పడగ ముందు ముఖం పెట్టి తీసే వీడియోలు పాముకు వెన్నెముక గాయం, మీకు చావు తెచ్చిపెడతాయి. అటవీశాఖ అనుమతి, పొడవాటి కొక్కెం, గొట్టం బిగించిన సంచి లేకుండా పనికి వెళ్ళవద్దు. పట్టిన పామును మంచి అడవి కదా అని యాభై కిలోమీటర్ల అవతల వదలడం కూడా మేలు కాదు. దానికి తెలియని నేలలో కన్నం, నీరు, ఎర ఎక్కడున్నాయో తెలియక రోడ్ల మీదికి వస్తుంది. అటవీ సిబ్బంది చెప్పినట్టు దగ్గరలోని అనువైన చోట వదలడం మేలు. కార్తికంలో నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనమే, మార్గశిరంలో అదే పాము పెరట్లోకి వస్తే కర్ర అందుకుంటాం. పాము పాలు తాగదని కూడా చెప్పాలి. పూజ మానమని చెప్పడానికి నేను ఎవరిని. పుట్టను ముంచకుండా నాలుగు చుక్కలతో ముగించమని మాత్రం అడుగుతాను.

ఎలుకల కోసం వేసే జిగురు అట్టలు ఎలుకలను మాత్రమే పట్టవు. ఉడుతలు, బల్లులు, పిచ్చుకలు, కొన్నిసార్లు పాములు కూడా అంటుకుంటాయి. లాగితే చర్మం ఊడివస్తుంది. మిగిలిన జిగురు మీద కాగితం కప్పి, అట్టతో సహా తీసుకురండి. ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, తూలుతూ రెండు మూడు రోజులు తిరుగుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబ లోపల రక్తస్రావమై చనిపోతుంది. ఎలుకలను ఉచితంగా పట్టే పక్షిని చంపి మళ్ళీ మందు కొనుక్కోవడం మన ఖర్చులో విచిత్రమైన పద్దు. కొండ మీది గుళ్ళ దగ్గర కోతులకు అరటిపళ్ళు, బిస్కెట్లు పెట్టడం గురించి ఒకే మాట: చేతి తిండికి అలవాటుపడిన కోతి రోడ్డు మీదికి వస్తుంది, సంచి లాక్కుంటుంది, చివరికి కర్ర దెబ్బో లారీ చక్రమో దాని వంతు. గబ్బిలాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒట్టి చేత్తో ముట్టవద్దు. తీగకో వలకో చిక్కినదాన్ని మందమైన తోలు చేతితొడుగులతో, తెలిసినవారే తీయాలి. ఏ అడవి జంతువు కరిచినా, గీరినా ఆ చోటును సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి.

చట్టం సంగతి చాలామందికి భయంగా ఉంటుంది. గాయపడిన పక్షిని ముట్టుకుంటే కేసు పెడతారేమోనని పక్కనుంచి వెళ్ళిపోయేవారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షను ప్రకారం వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది మీ చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషనుకో అధీకృత అధికారికో తెలపాలి. అటవీశాఖ రేంజి కార్యాలయానికి ఆ వేళే ఫోను చేసి చెబితే ఏ చిక్కూ ఉండదు. 2022లో ఈ చట్టాన్ని సవరించినప్పుడు కాకులను, పండ్లు తినే గబ్బిలాలను, ఎలుకలను హానికర జంతువులుగా చూపిన పట్టికనే తొలగించారు. రామచిలుకను 2018లో మన రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం. దాన్ని పంజరంలో పెట్టి జోస్యం చెప్పించడం, ఇంట్లో పెంచడం నేరం. అదృష్టం కలుగుతుందని నక్షత్ర తాబేలును అలమారలో దాచుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. వైద్యం కావలసినప్పుడు దగ్గరి పశువైద్యశాల ఉంది, గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా పాడిపశువుల కోసం పెట్టినది, పాముకోసం దానికి ఫోను చేయకండి.

తెచ్చిన ప్రతి ప్రాణీ బతకదు. రెక్క మొదట్లో తెగిన గద్ద బతికినా ఎగరదు. దాన్ని జీవితాంతం ఎక్కడ ఉంచాలో, బాధ తగ్గే దారి లేనప్పుడు నొప్పి లేకుండా ముగించాలో అధికారులు, వైద్యులు కలిసి నిర్ణయిస్తారు. తెచ్చినవారు మా మీద కోపం తెచ్చుకుంటారు. కోపం సహజమే. కోలుకున్నదాన్ని కూడా, ఎక్కడ దొరికిందో తెలిస్తేనే సరైన చోట వదలగలం. ఆ ప్రశ్నకు "రోడ్డు మీద" అన్న జవాబు మాకు పనికిరాదు.

కాబట్టి మీ వాచ్‌మన్ దగ్గర ఉండే రిజిస్టరులో వెనుక వైపు కొన్ని పేజీలు వదిలిపెట్టమని చెప్పండి. ఏ తేదీన, ఏ ప్రాణి, ఏ చోట, దేనికి తగిలి పడింది అన్న నాలుగు మాటలు రాస్తే చాలు. ఏడాది తిరిగేసరికి గోరింకలన్నీ మూడో అంతస్తు మెట్ల దగ్గరి ఒకే అద్దానికి కొట్టుకుంటున్నాయని, గబ్బిలాలన్నీ ఒకే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కాలిపోతున్నాయని, పావురాలు రాకుండా బాల్కనీలకు కట్టిన వలల్లో వదులైపోయిన ఫలానా వలలోనే పిట్టలు చిక్కుతున్నాయని తెలుస్తుంది. అద్దం మీద బయటి వైపున అయిదేసి సెంటీమీటర్ల దూరంలో చుక్కలు అతికించడానికి పెద్ద ఖర్చు లేదు. వలను బిగించి కట్టించడానికి ఒక పూట పడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి తీగలకు తొడుగు వేయమని అడగడానికి విద్యుత్ కార్యాలయానికి వెళ్ళినప్పుడు, తేదీలతో సహా ఆ పేజీల నకలు తీసుకువెళ్ళండి. అక్కడి ఇంజనీరు మీ దరఖాస్తును పక్కన పెట్టడం కష్టమవుతుంది.